చేపలు చావని కొలను

మా వీధిలో అందరూ ఆయన్ని చేపల బాబాయి అనేవారు. ఆయన చేపలు పట్టేవాడు కాదు, అమ్మేవాడూ కాదు. వాటిని బతికించడం ఆయన ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. అందుకే, వరసకు మరిది కదా అని, ఆ పనిలో చేరిన రోజునే మా గుమ్మం ముందు ఆపి అడిగేశాను.

“ఏమయ్యా మరిదీ, చేపల్ని బతికించడానికి జీతమిస్తారా? వాటంతట అవి బతకవూ?”

“మా ఫ్యాక్టరీ నీళ్ళల్లో బతకాలి కదా వదినా!” అని నవ్వాడు.

ఆ నవ్వులో చాలా సంగతి ఉంది. ఆయన బతుకంతా ఆ అద్దకం ఫ్యాక్టరీలోనే గడిచింది. మీసాలు సరిగా రాకముందే రంగు తొట్ల దగ్గర చేరాడు. సలసల కాగే రంగునీళ్ళలో బట్టను ముంచి తిప్పడం పని. మోచేతుల దాకా చర్మం నీలంగా మారిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య ఆ చేతుల్ని సబ్బుతో తోమి తోమి, చివరికి విసుగొచ్చి వదిలేసిందట. ఈ ముక్క ఆవిడే నాకు చెప్పింది. ఊరికే చెప్పలేదు, నేను అడిగితే చెప్పింది.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీ మురుగంతా మా ఇళ్ళ వెనక కాలువలోకే వదిలేవారు. ఎర్రబట్టకు గిరాకీ ఉన్న ఏడు కాలువ ఎర్రగా పారేది, ఆకుపచ్చకు గిరాకీ ఉన్న ఏడు ఆకుపచ్చగా పారేది. బజార్లోకి ఏ రంగు బట్టలు రాబోతున్నాయో దుకాణాల వాళ్ళకంటే ముందు మా అమ్మలక్కలకే తెలిసేది. చేతిపంపు నీళ్ళు నోట్లో పోసుకుంటే తుప్పు నాకినట్టుండేది. ఎవరికి చెప్పుకున్నా ఉలుకూ పలుకూ లేదు.

అది మారింది మా మొర విని కాదు. ఆ బట్ట కొనే పెద్ద పెద్ద దుకాణాల వాళ్ళు, మీ మురుగు శుభ్రం చేస్తారా, మీ సరుకు మానేయమంటారా అని గట్టిగా అడిగారట. పాత యజమాని కొంప అంటుకున్నట్టు గోలపెట్టి, చివరికి ఒక పెద్ద శుద్ధి యంత్రం పెట్టించాడు. మా మేడమీద గదిలో ఆ ఫ్యాక్టరీ లెక్కలు రాసే కుర్రాడొకడు అద్దెకుండేవాడు. మేము లెక్కలాయన అనేవాళ్ళం. అతను మెట్లు దిగేటప్పుడల్లా నేను ఒక ప్రశ్న వేసి ఆపేదాన్ని.

“ఏం అబ్బాయ్, మీ యజమాని దివాలా తీస్తాడటగా, ఆ యంత్రం దెబ్బకి?”

“దివాలానా పిన్నిగారూ? అదృష్టం పట్టుకుంది. శుద్ధి చేసిన నీళ్ళనే మళ్ళీ వాడుకుంటున్నాం. వృథాగా పోయే రంగూ ఉప్పూ మిగులుతున్నాయి. ఇదివరకు మా మొహం చూడని వాళ్ళు కూడా మా బట్టే కావాలంటున్నారు. మా కంపెనీ షేరు ఎంత పెరిగిందనుకున్నారు!”

“అంటే శుభ్రంగా ఉంటే లాభమొస్తుందా?”

“అలాగే ఉంది మరి,” అన్నాడు, తనకే నమ్మకం కుదరనట్టు.

ఆ మంచి రోజుల్లోనే ఫ్యాక్టరీ ముందు కొలను తవ్వించారు. శుద్ధయిన నీళ్ళు ముందు కొలనులోకి, అక్కడినుంచి మా కాలువలోకి. చేపలు బతుకుతున్నాయంటే నీళ్ళు మంచివని వచ్చినవాళ్ళందరికీ కళ్ళారా కనిపిస్తుంది కదా. వాటిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలన్నప్పుడు, తొట్ల దగ్గర దగ్గి దగ్గి డొక్కలెండిపోయిన మా మరిదిని పెట్టారు.

ఆయన మొహంలో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. అంతకాలమూ చేతికి వచ్చినదాన్ని ఉడకబెట్టడమే తప్ప, ప్రాణమున్నదాన్ని ఎవరూ ఆయన చేతికి అప్పగించలేదు. పొద్దున్నే వెళ్ళి గట్టున కూర్చుంటే చేపలు ఆయన నీడ చూసి పోగయ్యేవి. ఒక లావుపాటి చేపకు మేనేజరని పేరు పెట్టాడు. “అది అందర్నీ నెట్టేసి ముందు తినేస్తుంది వదినా, పని మాత్రం ఏమీ చెయ్యదు,” అని నవ్వించేవాడు. ఇంటికొచ్చాక కూడా చేపల మాటే.

“నా పక్కన పడుకుని కూడా చేపల్నే కలవరిస్తాడక్కా,” అని భార్య మూతి తిప్పుకునేది. “సవతి ఒక్కతయితే జుట్టు పట్టుకుందును. కొలనునిండా ఉంటే ఏం చెయ్యను?”

ఆ మంచిపేరే కొంప ముంచింది. ఇంత పేరున్న ఫ్యాక్టరీ మాకు కావాలని ఒక పెద్ద కంపెనీ వచ్చి, పాత యజమాని కలలో కూడా అనుకోని ధర ఇచ్చి కొనేసింది. ఆయన ఆ సొమ్ముతో ఎటో వెళ్ళిపోయాడు. కొత్తగా ఒక మేనేజరమ్మ వచ్చింది. ఇస్త్రీ మడత నలగని మనిషి, ఎప్పుడూ నవ్వుమొహమే. వచ్చిన వారంలోనే కొలను చూసి మా మరిది భుజం తట్టిందట.

“ఈ ఫ్యాక్టరీకి మొహం ఈ కొలనేనండీ. ఒక్క చేప కూడా చావకూడదు. చస్తే అది మీ బాధ్యత.”

ఆయన ఆ మాటను గుండెలకు హత్తుకున్నాడు. నిక్షేపంలాంటి మనిషి, నిక్షేపంలాంటి మాటగానే తీసుకున్నాడు.

కొంతకాలానికి మా చేతిపంపు నీళ్ళలో మళ్ళీ తేడా తెలిసింది. రంగు లేదు, అద్దంలా ఉన్నాయి. కానీ గిన్నెలో పోసి పెడితే ఘాటైన మందువాసన. ఎదురింటి పసిదానికి ఒళ్ళంతా దద్దుర్లు. నేను ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఒకామెకు జుట్టు ఊడుతోంది, ఒకామె కుండీలో మొక్కలు మాడిపోయాయి. అందరం కలిసి ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాం.

మేనేజరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది, చల్లటి పానీయాలు ఇప్పించింది. సీసా మూత తీసి వాసన కూడా చూసింది. తర్వాత మా అందర్నీ కొలను దగ్గరికి తీసుకెళ్ళింది.

“చూడండమ్మా. మేము వదిలే నీళ్ళు ఇవే. చేపలు ఎంత హుషారుగా ఉన్నాయో మీరే చూస్తున్నారు. ఈ నీళ్ళలో తేడా ఉంటే ముందు చచ్చేవి ఇవి కాదూ? మీ పంపు గొట్టాలు పాతబడి ఉంటాయి, ఒకసారి చూపించుకోండి.”

నిజమే, చేపలు నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. నాతో వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా మరిది వల పట్టుకుని గట్టున నిలబడి ఉన్నాడు. “నువ్వు చెప్పవయ్యా, నీ ఇంట్లో పంపు కూడా ఇలాగే లేదూ?” అన్నాను. ఆయన నావైపు చూడనైనా చూడలేదు. వల పోగుల్లో ఏదో ముడి విప్పుతున్నట్టు తల దించేశాడు.

ఆ దించిన తల నన్ను నిద్రపోనివ్వలేదు. ఎప్పుడూ నోరారా పలకరించే మనిషి. ఆయన మేనేజరని పేరు పెట్టిన చేప కోసం కొలను అంతా వెతికాను కూడా, అది కనపడలేదు. వచ్చేటప్పుడు అడిగితే, తల ఎత్తకుండానే, దానికి ఆరోగ్యం బాగాలేదన్నాడు. చేపకు ఆరోగ్యం బాగాలేకపోతే ఎక్కడ పడుకుంటుంది?

మర్నాడు తెల్లవారుతూనే ఆయన బకెట్‌తో బయల్దేరడం మా కిటికీలోంచి చూశాను. ఫ్యాక్టరీ ఒకవైపైతే ఆయన రెండోవైపుకు నడుస్తున్నాడు. సంచి పట్టుకుని నేనూ వెనకాలే వెళ్ళాను. నేరుగా చేపల బజారుకు వెళ్ళాడు. అక్కడ బతికున్న చేపల్ని తొట్లలో పెట్టి అమ్మే ఒక పెద్దావిడ ఆయన్ని చూడగానే గట్టిగా నవ్వింది.

“వచ్చావా అల్లుడా! ఈసారి ఎన్ని చంపావు?”

“మెల్లగా మాట్లాడు అత్తా.”

“ఊళ్ళో వాళ్ళందరూ నా దగ్గర కొని చంపుకుంటారు. నువ్వు చంపుకుని వచ్చి కొంటావు. నీ బేరం నాకు బాగుందిలే!”

వెనక్కి తిరిగేసరికి ఎదురుగా నేను. బకెట్ చేతిలోంచి జారినంత పనయింది.

టీ దుకాణం బల్లమీద కూర్చోబెట్టి అడిగాను. మొదట నీళ్ళు నమిలాడు. తర్వాత ఒక్కసారిగా కక్కేశాడు. కొత్త కంపెనీ వచ్చిన కొన్నాళ్ళకే చేపలు తేలడం మొదలైంది. మొదట మేనేజరు చేపే పోయింది. తిండి ఎక్కువ పెట్టానేమో అనుకున్నాడు. తగ్గించాడు, ఇంకా చచ్చాయి. ఆకలితో పోయాయేమోనని మళ్ళీ పెంచాడు. తన చేతుల్లోనే రంగు విషం మిగిలి ఉందేమోనని, చేతులకు సంచులు కట్టుకుని మేత వేశాడు. అయినా ఆగలేదు. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఇంత నమ్మి ఒప్పగిస్తే వీడికి చేపల్ని బతికించడం కూడా రాలేదంటారని భయం. అందుకే ఎవరూ రాకముందే చచ్చినవి ఏరి పూడ్చేసి, సొంత జీతంతో కొత్తవి తెచ్చి వదులుతున్నాడు.

“మా ఆవిడకు కూడా చెప్పలేదు వదినా. జీతం తగ్గిందని అబద్ధమాడాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “పిచ్చి మరిదీ, అది నీ చెయ్యి కాదయ్యా, ఆ నీళ్ళు! నువ్వు దాస్తోంది నీ తప్పు కాదు, వాళ్ళ తప్పు. నిన్న మా అందరికీ చూపించిన సాక్ష్యం నువ్వు బజార్లో కొన్న చేపలు!”

ఆయన నా మొహంలోకి వెర్రిగా చూశాడు. నమ్మలేదు. ఆ సాయంత్రం లెక్కలాయనను మెట్లమీద పట్టుకుని, మా మరిది ఎదురుగానే నిలదీశాను. అతను అటూ ఇటూ చూసి, మమ్మల్ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“నేను చెప్పానని ఎక్కడా అనొద్దు పిన్నిగారూ. ఆ యంత్రం ఇప్పుడు అతిథులొచ్చే రోజుల్లోనే తిరుగుతుంది. దానికయ్యే కరెంటూ మందులూ తక్కువ కాదు. కంపెనీ కొనడానికి పోసిన డబ్బు తిరిగి రాబట్టాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. మామూలు రోజుల్లో రంగు విరగ్గొట్టే మందొకటి కలిపి వదిలేస్తారు. కంటికి తెల్లగా ఉంటాయి.”

“శుభ్రంగా ఉంటే లాభమన్నావుగా?”

“అప్పుడు అదే నిజం. ఇప్పుడు పేరు ఎలాగూ వచ్చేసింది. షేరు కొనేవాడు ఇక్కడికొచ్చి నీళ్ళు తాగడు కదా పిన్నిగారూ. శుభ్రతకూ నిజాయితీకీ మాకు వేసే మార్కులు చూసి కొంటాడు. మార్కులు వేసేవాళ్ళు ఏడాదికోసారి వస్తారు. మిగతా రోజుల ఖర్చు మిగులు.”

మా మరిది అతని మాటల్లో సగం విన్నాడో లేదో. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. “అయితే నా చెయ్యి కాదన్నమాట,” అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. ఆ నీలం చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది దుఃఖం కాదు, బరువు దిగడం. ఆ ఒక్క సాయంత్రమే ఆ మనిషికి మిగిలిన సుఖం.

మార్కులు వేసేవాళ్ళు రాబోయే వారంలో వస్తున్నారు. ఆ రోజే ఆయనకు ఉత్తమ కార్మికుడని పేరు చెక్కిన పలక కూడా ఒకటి ఇవ్వబోతున్నారు. చేపల్ని అంత బాగా చూసుకున్నందుకు. ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. ఈసారి ఏరడు. చచ్చినవి చచ్చినట్టే ఉంచుతాడు. వచ్చినవాళ్ళే చూస్తారు.

భార్యకు చెబితే ఇల్లు ఎగిరిపోయింది. “రిటైరవడానికి ఎంతో లేదు. నోరు మూసుకుని ఆ పలకేదో తెచ్చుకో. వీధి నీళ్ళు వీధివాళ్ళు చూసుకుంటారు!”

“ఆ నీళ్ళే మనమూ తాగుతున్నామే.”

“ఇన్నాళ్ళూ రంగు తాగాం, ఏమైంది? బతికే ఉన్నాంగా!”

ఆయన వినలేదు. నేను కూడా వెళ్ళి, నువ్వు చేస్తున్నది మంచిపని మరిదీ అని చెప్పి వచ్చాను.

ఆ రోజు ఇరుగుపొరుగుతో కంపెనీకి ఎంత సఖ్యతో చూపించడానికి నన్ను కూడా పిలిచారు. డేరా కింద ముందు వరసలో కుర్చీ, చేతిలో ఒక మొక్క. మేనేజరమ్మ గాలి గురించీ నేల గురించీ ఎంత కమ్మగా మాట్లాడిందంటే, నిజం తెలిసిన నాకే ఒక క్షణం కళ్ళు చెమర్చాయి. తర్వాత అందరం కొలను వైపు నడిచాం.

నీళ్ళమీద తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. ఒకటీ రెండూ కాదు. గాలికి ఒక మూలకు చేరి, ఎవరో పళ్ళాలు విసిరేసినట్టున్నాయి. అందరూ ముక్కులు మూసుకున్నారు. మేనేజరమ్మ మొహంలో నవ్వు చెరగలేదు, గట్టిపడింది.

“ఏమిటండీ ఇది?” అంది.

“నీళ్ళు మంచివి కావండీ,” అన్నాడు మా మరిది. 

వచ్చినవాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి ముందుకొచ్చాడు. మర్యాదగానే అడిగాడు.

“ఎప్పటినుంచి ఇలా చస్తున్నాయి?”

“కొత్త కంపెనీ వచ్చిన దగ్గర్నుంచీ అండీ.”

“నిరుడు మేమొచ్చినప్పుడు బాగానే ఉన్నాయే?”

“అవి నేను బజార్లో కొని తెచ్చి వేసినవండీ.”

“అలా చెయ్యమని మీకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ. నేనే.”

“చేపలు చస్తున్న సంగతి మేనేజరుగారికి తెలుసా?”

 ఇక్కడ ఒక్క అబద్ధం ఆడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

“తెలీదండీ. నేను చెప్పలేదు.”

నేను ఉండబట్టలేక మొక్క కింద పెట్టి అరిచాను. “యంత్రం ఆపేశారండీ! మీరొచ్చే రోజే తిప్పుతారు!” మేనేజరమ్మ ఏమాత్రం తొణకలేదు. “దయచేసి మీరే చూడండి,” అని అందర్నీ యంత్రం గదికి తీసుకెళ్ళింది. అది హోరుమని తిరుగుతోంది. గొట్టం చివర నీళ్ళు పట్టి ఏవో కాగితపు ముక్కలు ముంచి చూశారు. పరిశుభ్రం. “మీకెవరు చెప్పారమ్మా ఆపేశారని?” అని కళ్ళజోడాయన నన్నడిగాడు. లెక్కలాయన ఒక మూల తన చెప్పులవంక చూసుకుంటున్నాడు. అతని పేరు చెప్పనని మాటిచ్చాను కదా. ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్కచోట మూగదాన్నయిపోయాను.

సాయంత్రానికల్లా మా మరిది ఉద్యోగం పోయింది. చేపలు చంపినందుకు కాదు. కంపెనీని మోసం చేసి, నిజాన్ని దాచినందుకు. రిటైరైతే రావలసినవి కూడా ఆపేశారు. పలక ఇవ్వలేదు, దాని మీద పేరు ముందే చెక్కించేశారట, తుడిచి ఇంకెవరికి ఇచ్చారో తెలియదు.

మార్కులు తగ్గాయా అని లెక్కలాయనను అడిగాను. అతను అప్పటికే గది ఖాళీ చేస్తున్నాడు, పెద్ద ఉద్యోగం ఇచ్చారట, పెద్ద ఇల్లు చూసుకున్నాడు.

“పెరిగాయి పిన్నిగారూ.”

“ఏమిటీ?”

“ఒక కార్మికుడు సమస్యను దాస్తున్నాడని కనిపెట్టి, వెంటనే చర్య తీసుకుని, ఆ సంగతి మేమే లోకానికి చెప్పాం. దాపరికం లేని కంపెనీ అని మార్కులు కలిపారు. షేరు రెండు రోజులు పడి, మళ్ళీ మునుపటికంటే పైకి లేచింది.”

అతను నా మొహం చూడకుండా పరుపు చుట్టుకున్నాడు. మంచివాడే. అద్దె ఎప్పుడూ ఆలస్యం చేసేవాడు కాదు. అతని పరుపు మెట్లమీద చిక్కుకుంటే నేనే ఒక కొస పట్టుకుని దింపించాను. ఏం చెయ్యను?

కొలనులో ఇప్పుడు చేపలు లేవు. నీళ్ళు పైకి చిమ్మే గొట్టాలు పెట్టి, రంగుల దీపాలు బిగించారు. మునుపటికంటే అందంగా ఉందని వచ్చినవాళ్ళు ఫొటోలు దిగుతున్నారు.

మా మరిది భార్య నాతో మాట్లాడదు. ఒకసారి ఎదురుపడితే అంది, “నీకు తెలుసుకోవలసింది తెలుసుకున్నావుగా అక్కా. ఇక మా గుమ్మం తొక్కకు.” నేను పక్కకు తప్పుకుని దారిచ్చాను. 

ఆయనకు బజార్లో ఉల్లిపాయల కొట్టులో పని దొరికింది. బస్తాలు గుమ్మరించి, కుళ్ళినవి ఏరి పక్కన పడెయ్యడం. రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని, ఆ దగ్గుతో. నీళ్ళ మీద అధికారులకు ఫిర్యాదు పెడదామని మా వీధివాళ్ళం మళ్ళీ కూడబలుక్కున్నాం. ఆయన వచ్చి రెండు ముక్కలు చెబితే బలముంటుందని నేను వెళ్ళి అడిగాను.

“ఏం చెప్పను వదినా? నేను అబద్ధాలకోరునని కంపెనీయే రాసిచ్చింది. నన్ను వెంటేసుకెళితే మీ మాట కూడా నమ్మరు.”

“నువ్వు చూసింది చెప్పవయ్యా, చాలు.”

“చూసింది చెప్పబట్టే ఉద్యోగం పోగొట్టుకున్నాను.” కళ్ళలో ఉల్లిఘాటుకు నీళ్ళు కారుతున్నాయి, నీలం చేత్తో తుడుచుకున్నాడు. “ఉల్లిపాయలు కావాలా? కావాలంటే తీసుకో. లేకపోతే కొంచెం పక్కకు జరుగు, యజమాని చూస్తున్నాడు.”

అవసరం లేకపోయినా కొన్నాను. ఆయన మంచివే ఏరి వేశాడు. ఫిర్యాదు మేమే పెట్టాం. అధికారులు వచ్చారు. వాళ్ళు వస్తున్నారని ముందురోజే ఫ్యాక్టరీకి కబురందింది. మా ఇళ్ళ వెనక ఆ రోజంతా యంత్రం హోరు వినిపిస్తూనే ఉంది. వాళ్ళు వెళ్ళిన మర్నాడు పొద్దున పంపు కొట్టి దోసిట పట్టుకున్నాను. అద్దంలా ఉన్నాయి నీళ్ళు. వాసన చూసి పారబోశాను.